మంగ్లి వంతు

"నువ్వు గుడుంబ కాయలే, అమ్మలే, ఒక్క చుక్క నోట్లె పోసుకోలే. మరెందుకు ఒప్పుకుంటనంటున్నవ్?"

చందూలాల్ ఈ ప్రశ్న వేయడం ఇది మూడోసారి. మూడుసార్లూ మంగ్లి నవ్వి ఊరుకుంది. ఏడ్చే ముద్దాయిలను చూశాడు, బొంకే ముద్దాయిలను చూశాడు, జడ్జి పేరు వినగానే కళ్లు తేలేసిన ముద్దాయిలనూ చూశాడు. కొత్త చీర కట్టుకుని, కొప్పులో బంతిపువ్వు పెట్టుకుని, కోర్టుకు ఎప్పుడెప్పుడు పోదామా అని గడపలో కూర్చున్న ముద్దాయిని మాత్రం పాతికేళ్ల పోలీసు ఉద్యోగంలో చూడలేదు. ఆ ఉద్యోగం వదిలేసి ఖమ్మంలో డిటెక్టివ్ ఏజెన్సీ అని బోర్డు పెట్టుకున్నాకా చూడలేదు.

నిజానికి ఆ పొద్దున అతను వచ్చింది ఈ పని మీద కాదు. నెల కింద, ఇప్పపూలు రాలే రోజుల్లో, టేకులపల్లి దాటాక అడవి బాటలో ఫారెస్టు వాచర్ హేమ్లాను ఏదో లారీ గుద్ది చంపింది. పోలీసులు 'గుర్తు తెలియని వాహనం' అని రాసి చేతులు దులుపుకున్నారు. హేమ్లా భార్య వచ్చి కాళ్లావేళ్లా పడితే చందూలాల్ కాదనలేకపోయాడు. వారం నుంచి ఆ బాట వెంట తిరుగుతున్నాడు. చూసినవాడు ఒక్కడైనా ఉండకపోతాడా అని ఆశ. ఎవరిని అడిగినా ఆకాశం వైపు చూసేవాళ్లే.

ఇవాళ కూడా అదే తిరుగుడులో ఉండగా తండా మలుపులో జీపు డ్రైవర్ బాబూరావు బండికి అడ్డం నిలబడ్డాడు. "అన్నా, నా భార్యను గుడుంబ కేసుల రాసిండ్రు. ఇయ్యాలనే ఇల్లందుల కోర్టు. పోయి ఒప్పుకుంటనంటున్నది. నా మాట ఇంటలేదు. నువ్వన్న చెప్పు" అని చేతులు పట్టుకున్నాడు. నాటుసారా కేసుకు డిటెక్టివ్ ఎందుకురా అని విదిలించుకోబోయి, బాబూరావు భార్య ఎవరో గుర్తొచ్చి చందూలాల్ బండి స్టాండు వేశాడు.

ఆమె ఈ దేశపు మనిషి కాదు. సిలోన్ తేయాకు తోటల్లో పుట్టి, కువైట్‌లో ఒక ఇంట్లో వంటపనికి చేరింది. అదే ఇంట్లో బాబూరావు డ్రైవరు. పెళ్లి చేసుకుని 2001లో తండాకు తీసుకొచ్చాడు. పాస్‌పోర్టులో పేరు యోగమలర్. తండాలో ముసలమ్మలకు ఆ పేరు నోరు తిరగలేదు. వచ్చింది మంగళవారం కాబట్టి మంగ్లి అన్నారు, అదే స్థిరపడింది. ఏటేటా ఖమ్మం ఎస్పీ ఆఫీసులో విదేశీయుల సెక్షన్‌కు వెళ్లి, ఉండటానికి గడువు పొడిగించుకుంటోంది. ఇక్కడి మనిషిని పెళ్లాడి ఏడేళ్లు నిండాయి కాబట్టి ఈ మధ్యే పౌరసత్వానికి దరఖాస్తు కూడా పెట్టింది.

"చెల్లె, నవ్వుడు కాదు. చెప్పు" అన్నాడు చందూలాల్.

"ఈసారి వంతు నాదన్నా" అంది మంగ్లి. తెలుగంతా తండాదే, యాస మాత్రం ఎక్కడో తమిళం వైపు జారుతుంది.

చందూలాల్ కూడా తండాలోనే పుట్టాడు, వంతు సంగతి అతనికి ఒకరు చెప్పనక్కర్లేదు. ఎక్సైజ్ వాళ్లకు అప్పుడప్పుడూ ఒక కేసు చూపించుకోవాలి. తండాకు మిగతా రోజులు నెమ్మదిగా గడవాలి. మధ్యలో ఏనాడో ఒక ఒప్పందం కుదిరిపోయింది. తండా పెద్ద, నాయక్, ఎవరి వంతో చెబుతాడు. వాళ్ల పెరట్లో ఒక పగిలిన కుండ, అందులో ఎందుకూ పనికిరాని బెల్లం పానకం పెడతారు. దానికి 'కేసు కుండ' అని పేరు కూడా ఉంది. ఎక్సైజ్ వాళ్లు వచ్చి దాన్ని 'కనిపెట్టి' ఒలకబోస్తారు. ఆ ఇంటి ఆడమనిషి కోర్టులో నిలబడి ఒప్పుకుంటుంది. జుర్మానా తండా అంతా వేసుకుని కడుతుంది. సాయంత్రానికి ఆమె ఇంటికొచ్చి అన్నం వండుకుంటుంది. ఇందులో తప్పుందని గానీ సిగ్గుందని గానీ తండాలో ఎవరూ అనుకోరు.

"రూప్లి వదిన రెండుసార్లు పొయ్యొచ్చింది. నా తోటికోడలు పొయ్యొచ్చింది. నాకంటే ఎనక పెండ్లయి వచ్చినోళ్లు గూడ పొయ్యొచ్చిండ్రు" అంది మంగ్లి. "నన్నైతే ఏడేండ్లు నువ్వు కూసో, నీకెందుకన్నరు. పెండ్లికి పిలుస్తరు, సావుకు పిలుస్తరు, వంతుకు పిలువరు. అంటే నేనింక చుట్టాన్నే కదా? మొన్న నాయక్ రెడ్యా మామ వచ్చి, బిడ్డా ఈసారి నీ వంతన్నడు. ఆ రాత్రి నాకు సంతోషానికి నిద్ర పట్టలే."

చందూలాల్‌కు ఇప్పుడు అర్థమైంది. ఈ మనిషి తండా మనిషినని అనిపించుకోవడానికి నేరం నెత్తినేసుకుంటోంది. అతనికి జాలి కలిగింది, దాని వెనకే కోపం వచ్చింది. ఎవరి మీదో ఇంకా తెలియని కోపం అది.

"రూప్లి ఒప్పుకుంటే ఏమైతది? జుర్మానా కడ్తది, ఇంటికొస్తది. ఆమెను ఈ దేశంల నుంచి ఎల్లగొట్టే మొనగాడు లేడు. నువ్వొప్పుకుంటే గూడ అదే జుర్మానా. కని అక్కడ ఆగది. నేరం రుజువైనట్టు కాగితం తయారైతది. అది ఎస్పీ ఆఫీసుకు చేరితే, వచ్చేసారి గడువు పొడిగియ్యకుండ ఆపొచ్చు. దేశం ఇడిసి పొమ్మని నోటీసియ్యొచ్చు. పౌరసత్వం దరఖాస్తుల కేసులున్నయా, శిక్ష పడ్డదా అని అడుగుతరు. ఏమని రాస్తవ్?"

మంగ్లి నవ్వు ఆగింది.

"కచ్చితంగ పంపిస్తరని నేనంటలేను. పంపే అధికారం వాళ్లకుంటది. ఇప్పటిదాంక ఆ అధికారం వాడనీకె వాళ్లకు కారణం లేకుండె. నీ నోటితోని నువ్వే కారణం ఇస్తున్నవ్. నీ బిడ్డ ఈడ పుట్టింది, ఈడ బడికి పోతున్నది. నువ్వు సిలోన్ల, ఆమె ఈడ. గిదేనా నీ వంతు?"

మంగ్లి చేయి కొప్పు దాకా వెళ్లి, బంతిపువ్వును తీయబోయి, తీయకుండానే కిందికి దిగింది. "వకీలు సారు ఏం కాదన్నడు గద" అంది మెల్లగా.

"ఏ వకీలు?"

"వెంకటరామారావు సారు. తండా కేసులన్నీ ఆయనే చూస్తడు. నా సిటిజన్ దరఖాస్తు గూడ ఆయనే పెట్టిండు. పాస్‌పోర్టు గూడ ఆయన దగ్గర్నే ఉన్నది."

చందూలాల్ లేచి నిలబడ్డాడు. వీసాల సంగతి తెలియని వకీలు ఏం కాదంటే అది తెలివితక్కువతనం. పౌరసత్వం దరఖాస్తు తన చేత్తో పెట్టిన వకీలు ఏం కాదన్నాడంటే దాన్ని వేరే పేరు పెట్టి పిలవాలి. మంగ్లి ఈ దేశంలో లేకపోతే ఆ వకీలుకు ఏమిటి లాభం? ఎంత ఆలోచించినా జవాబు దొరకలేదు. దొరకనప్పుడు మనుషుల్ని వదిలేసి నేలను చూడటం చందూలాల్ అలవాటు.

"కేసు కుండ పెట్టిన గుంట చూపియ్యి."

పెరట్లో చిక్కుడు పాదు పక్కన మోకాలి లోతు గుంట ఉంది. ఎక్సైజ్ వాళ్లు నిన్న పొద్దున పానకం ఒలకబోసింది అక్కడే. మట్టి ఇంకా జిగటగా, నల్లగా ఉంది. చందూలాల్ గొంతుక్కూర్చుని చాలాసేపు చూశాడు. తర్వాత మంగ్లిని అడిగి ఒక బెల్లం గడ్డ తెప్పించుకుని రెండు ముక్కలు చేశాడు. ఒకటి గుంట అంచున పెట్టాడు. రెండోది దూరంగా గోడ వార పెట్టాడు.

"నైవేద్యమా?" అంటూ వచ్చాడు రెడ్యా నాయక్. డెబ్బై దాటిన మనిషి, తలపాగా ఇంకా నిటారుగా చుట్టుకుంటాడు. పాతికేళ్లుగా వంతులు వేస్తున్నది అతనే.

"కూసో కాకా. చీమలకు దావత్ ఇస్తున్న" అన్నాడు చందూలాల్. "కేసు కుండ ఎంత గుంటల పెడ్తరు?"

"జానెడు చాలదా?"

"మరి ఇదేంది, బాయి తవ్విండ్రు?"

రెడ్యా తలపాగా సర్దుకున్నాడు. "ఈసారి కుండ కాదు. నీలం డ్రమ్ము. పైనుంచి ఒత్తిడి గట్టిగ ఉన్నదట, పగిలిన కుండలు చూపిస్తే నడవదట. వకీలు సారు గుమాస్త ఆటోల ఏస్కొచ్చి దించిపోయిండు. నిన్న ఎక్సైజోళ్లు దాన్నే పట్టుకపోయిండ్రు."

"డ్రమ్ము, పానకం రెండూ తెచ్చిండా?"

"అవ్. నిండుగ."

"ఇన్నేండ్లల్ల ఎప్పుడన్న వకీలే సరుకు తెచ్చిచ్చిండా కాకా?"

రెడ్యా తల అడ్డంగా ఊపాడు. ఇద్దరూ గోడ వైపు చూశారు. అక్కడ బెల్లం ముక్క అప్పుడే కనిపించడం మానేసింది, ఎర్రచీమలు మూగిపోయాయి. గుంట అంచున పెట్టిన ముక్క మాత్రం పెట్టినట్టే ఉంది. ఒక్క చీమ దాని దాకా వచ్చి, మీసాలు ఆడించి, వెనక్కి తిరిగిపోయింది. బెల్లం పానకం పారిన నేల మీద చీమ నిలవకపోవడం చందూలాల్ ఎన్నడూ చూడలేదు. చిటికెడు మట్టి తీసి వాసన చూశాడు. పులిసిన బెల్లం కంపు కింద ఘాటుగా ఇంకో వాసన ముక్కు పుటాల్ని కోసింది.

"చెదల మందు" అన్నాడు. "కోసిన కర్రకు చెద పట్టకుండ సామిల్లుల్ల పూస్తరు. డ్రమ్ము కడిగిండ్రు కని పోలే. ఈ చుట్టుపక్కల సామిల్లు ఎవరిది?"

"జంపయ్యది. ఒక్కటే ఉన్నది" అన్నాడు రెడ్యా.

జంపయ్య సామిల్లు ముందు నుంచే రోజూ టేకు లారీలు పోతాయి. ఏవి పర్మిట్ ఉన్నవో ఏవి లేనివో అడిగే ధైర్యం హేమ్లా ఒక్కడికే ఉండేదని అతని భార్య చెప్పింది. చందూలాల్ మళ్లీ గుంట వైపు చూశాడు. కానీ ఆ లారీకి, ఈ పెరటికి మధ్య దారి ఏమిటో ఇంకా కనిపించలేదు.

"శిక్ష పడితే ఈ పిల్లను సిలోన్‌కు ఎల్లగొట్టొచ్చు. అసలు ఈసారి వంతు ఎవరిది? సక్కగ చెప్పు కాకా."

"రూప్లిది" అన్నాడు రెడ్యా. "వకీలు సారే ఇంటికొచ్చి అడిగిండు. నాయక్, ఆ పిల్ల పేరు మీద కోర్టుల ఒక కాగితం పుడితే, దాని మీద ఈ తండా పేరుంటది, ఈడి మనిషేనని సర్కారుకు రుజువైతది, పౌరసత్వం జల్దీ వస్తది అన్నడు. నేను నిజమే అనుకున్న. కోర్టు ముద్ర కంటే పెద్ద రుజువేముంటది అనుకున్న. ఆ పిల్లకు మేలు చేస్తున్నననుకున్న చందూ."

ముసలాయన తలపాగా చెంగుతో కళ్లు తుడుచుకున్నాడు. నిన్నటి దాకా తన మాటకు తండాలో ఎదురు లేదు, ఆ మాటే ఒక పిల్లను సముద్రం అవతలికి తోసేదని ఇప్పుడే తెలిసింది. చందూలాల్ అతని భుజం మీద చెయ్యి వేశాడు. తిట్టాలని ఉంది గానీ, తిట్టాల్సింది ఇతన్ని కాదు.

"లే కాకా. ఏడిస్తే కోర్టు ఆగది. ఒప్పుకోకముందు ఏదీ మునిగిపోలే. బాబూరావ్, జీపు తియ్యి!"

జీపులో నలుగురు కూర్చోవాల్సిన చోట పదిమంది ఎక్కారు. సంగతి విన్న రూప్లి "నా వంతు ఈమె నెత్తిన పెట్టిండ్రా!" అని ఇంటి తలుపు కూడా వేయకుండా పరిగెత్తుకొచ్చి ఎక్కింది. దారి పొడవునా వకీలు ఏడు తరాలనూ తిడుతూనే ఉంది.

ఇల్లందు కోర్టు వరండాలో వెంకటరామారావు స్టీలు గ్లాసులో కాఫీ తాగుతున్నాడు. సత్తుపల్లి వైపు భూములున్న ఇంటి మనిషి. ఇస్త్రీ నలగని కోటు, చెదరని క్రాపు. చందూలాల్‌ను చూసి చిరునవ్వు నవ్వాడు.

"రండి చందూలాల్ గారూ. పెళ్లి సంబంధాల ఎంక్వైరీలు తగ్గాయేంటి, గుడుంబా కేసుల మీద పడ్డారు?"

"పెండ్లి సంబంధాలల్లనే ఒకటి నేర్చుకున్న సారూ. ఎవ్వరు అడగకముందే పిల్లగాడు శానా మంచోడని చెప్పెటోన్ని ముందు పట్టుకోవాలె. మీరు అడగకముందే నాయక్ ఇంటికి పొయ్యిండ్రట గద?"

"వాళ్ల కేసులన్నీ చూసేది నేనే. వెళ్తాను, వస్తాను. తప్పేముంది?"

"తప్పు లేదు. మీ గుమాస్త డ్రమ్ము మోసుడు గూడ వకాల్తల భాగమేనా?"

వెంకటరామారావు కాఫీ గ్లాసు పిట్టగోడ మీద పెట్టాడు. "చూడండి. చిన్న కేసు. ఒప్పుకుంటే గంటలో ఇంటికి పోతుంది. మీరు అడ్డం పడితే ఏళ్ల తరబడి తిరుగుతుంది. ఆమె మేలు కోరి చెప్తున్నాను."

"ఒప్పుకుంటే ఇంటికా, సిలోన్‌కా?"

"నేను క్రిమినల్ లాయర్నండీ. వీసాల సంగతి నాకేం తెలుసు?"

"పౌరసత్వం దరఖాస్తు రాసినోళ్లకు గూడ తెల్వకపోతే ఇంకెవరికి తెలుస్తది? ఆ డ్రమ్ముల చెదల మందు వాసన వస్తున్నది. జంపయ్య సామిల్లు వాసన."

కోర్టు వరండాలో ఎండ పడటం లేదు. అయినా వెంకటరామారావు జేబురుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు. గొంతు తగ్గించి అన్నాడు. "పోలీసు ఉద్యోగం ఎందుకు వదిలేశారో నాకు తెలుసు చందూలాల్ గారూ. పెద్దవాళ్లతో పెట్టుకున్నారు. ఆ పొరపాటే మళ్లీ చేస్తున్నారు."

"పొరపాటని మీరంటున్నరు. నాకైతే అప్పుడు బాగనే నిద్ర పట్టింది" అన్నాడు చందూలాల్.

లోపలి నుంచి బంట్రోతు పిలిచాడు. "యోగమలర్!"

తండా వాళ్లకు ఆ పేరు చప్పున తట్టక ఎవరూ కదల్లేదు. మంగ్లి ఒక్కతే లేచి లోపలికి నడిచింది. వెనకాలే తండా అంతా తలుపు దగ్గర గుమిగూడింది. రెడ్యా తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు.

మేజిస్ట్రేట్ కళ్లద్దాల పైనుంచి చూశారు. నేరం ఏమిటో చదివి వినిపించారు. "ఒప్పుకుంటావా అమ్మా?"

వెంకటరామారావు ముందుకు వంగి, "ఒప్పుకుంటుందండీ" అన్నాడు.

"ఆమెను అడుగుతున్నాను" అన్నారు మేజిస్ట్రేట్.

మంగ్లి వెనక్కి తిరిగి చూసింది. రూప్లి తలుపు చెక్క పట్టుకుని, కళ్లనీళ్లతో, వద్దు వద్దని తల ఊపుతోంది. ఏడేళ్లు తను ఎదురుచూసిన వంతు వద్దని తండా మొత్తం ఆమెను బతిమాలుతోంది. మంగ్లి ముఖం తేటపడింది. వంతు తీసుకోకుండానే తను వాళ్ల మనిషి అయిపోయింది.

"ఒప్పుకోను సార్. ఆ డ్రమ్ము నాది కాదు. ఈ సారు గూడ నా వకీలు కాడు ఇయ్యాల్టి నుంచి."

మేజిస్ట్రేట్ పెన్ను ఆగింది. కాసేపు వెంకటరామారావును చూశారు, కాసేపు ఆమెను చూశారు. తర్వాత సర్కారు ఖర్చుతో వేరే వకీలును ఇస్తామన్నారు. డ్రమ్మును అలాగే సీలు వేసి పరీక్షకు పంపమని ఎక్సైజ్ వాళ్లకు చెప్పి, మంగ్లిని జామీను మీద వదులుతూ వాయిదా వేశారు. జామీను ఎవరంటే తండా నుంచి ఆరు చేతులు ఒకేసారి లేచాయి. అందరికంటే ముందు లేచింది రెడ్యా చెయ్యి.

బయటికి రాగానే రూప్లి మంగ్లిని కౌగిలించుకుని ఊపేసింది. "అన్నా, ఇప్పుడు ఎస్పీ ఆఫీసోళ్లు ఏమన్న అంటరా?" అని బాబూరావు అడిగాడు.

"కేసు ఉన్నదని అడుగుతరు. ఉన్నదనే చెప్పుండ్రి, దాచొద్దు. కేసుండుడు వేరు, శిక్ష పడుడు వేరు. డ్రమ్ము ఎవలదో తేలితే ఆ మచ్చ గూడ పోతది. పాస్‌పోర్టు మాత్రం ఇయ్యాలనే అడిగి తీసుకోవాలె" అన్నాడు చందూలాల్. చాలా రోజుల తర్వాత అతనికి మనసు తేలికగా ఉంది. చాయ్ తాగుదాం పదండన్నాడు.

మంగ్లి కదల్లేదు. "అన్నా, ఒకటి అడుగుతా. సాక్షం చెప్పినా పంపిస్తరా?"

"ఏం సాక్షం?"

"పెద్ద కేసుల నీ పేరొచ్చినా, సాక్షిగ వచ్చినా సరే, ఇమానం ఎక్కిస్తరు అని వకీలు సారు ఇంటికొచ్చి చెప్పిపోయిండు. అందుకే నెల నుంచి నోరు మూసుకున్న, కాగితాలన్నీ ఆయన చేతులనే ఉన్నయని చెప్పిందల్ల నమ్మిన. ఈయనకు గూడ చెప్పలే."

బాబూరావు నోరు తెరిచి భార్య వైపు చూశాడు. చందూలాల్ చాయ్ సంగతి మరిచిపోయాడు. ఏ మాట అనాలో ఏరుకుంటూ నెమ్మదిగా అన్నాడు.

"అది పచ్చి అబద్ధం. చూసింది చెప్పినోళ్లను దేశంల నుంచి ఎల్లగొట్టమని ఏ చట్టంల లేదు. సాక్షి నేరం చేసినట్టు కాదు, కోర్టుకు సాయం చేసినట్టు. ఇంకో మాట, విచారణ అయ్యేదాంక సాక్షిని కోర్టే ఈడ ఉండమంటది."

మంగ్లి పెద్దగా ఊపిరి వదిలింది. నెల నుంచి గుండెల మీద ఉన్నదేదో దించుకున్నట్టు భుజాలు కిందికి జారాయి.

"అట్లయితే రాసుకో అన్నా. తెల్లారుజామున ఇప్పపూలు ఏరనీకె పోయిన. హేమ్లా అన్న జంపయ్య టేకు లారీకి చెయ్యి అడ్డం పెట్టిండు. లారీ ఆగినట్టే ఆగి ఆయన మీదికి పోయింది. లారీల నుంచి ఒకడు దిగి, ఇంక ఊపిరున్న మనిషిని కాళ్లు పట్టి పొదల్లకు గుంజిండు. తలెత్తితే నేను కనబడ్డ. మబ్బు మబ్బుగ ఉన్నా నాకు తెలిసిన మొకమే. నేను గుర్తు పట్టినట్టు ఆయనకు తెలిసింది. ఆ సాయంత్రమే ఇంటికొచ్చిండు."

"ఎవరమ్మా?" అన్నాడు చందూలాల్. జవాబు అతనికి అప్పటికే తెలుసు, జంపయ్య డ్రమ్ము పంపినవాడే జంపయ్య లారీలోనూ ఉన్నాడు.

మంగ్లి చెయ్యెత్తి చూపించింది. నాలుగడుగుల దూరంలో, స్తంభం పక్కన, వెంకటరామారావు నిలబడి ఉన్నాడు. మొత్తం విన్నాడు. చంకలో ఉన్న ఫైలు మీద అతని వేళ్లు బిగుసుకున్నాయి. ఆ ఫైలులోంచి ఆమె పాస్‌పోర్టు అంచు కనిపిస్తోంది. అతను ఆమె కళ్లలోకి చూసి, మెల్లగా కారు వైపు తిరిగాడు.

మంగ్లి ఈసారి తల దించుకోలేదు. చందూలాల్ కంటే ముందు, రూప్లి కంటే ముందు, ఆమే మెట్లు దిగి అతని దారికి అడ్డం నిలబడి చెయ్యి చాపింది.

"నా పాస్‌పోర్టు ఇయ్యి సారు. నేనీడనే ఉంట."